బరువు దించవే తల్లీ

పొయ్యి మీద కుస్కుస్ గిన్నె ఆవిరి కక్కుతోంది. మొక్కజొన్న పిండి ఉడుకుతున్న వాసన వంటింట్లోంచి ముందు గదిలోకి, అక్కణ్ణించి వీధిలోకి పాకింది. బ్రెజిల్‌లోని ఆ తొరితామా ఊళ్ళో ఆ వేళకి ఏ ఇంట చూసినా అదే వాసన. ఇంకాసేపటికి జీన్స్ కుట్టే షెడ్లలోంచి మిషన్ల రొద మొదలైతే ఊరికి తెల్లవారినట్టే.

లిందాల్వా పళ్ళెం తెచ్చి కూతురి ముందు పెట్టింది. సగం కుస్కుస్, దాని మీద కరుగుతున్న వెన్న, పెనం మీద కాల్చిన జున్ను ముక్కలు రెండు, గుడ్డు. జుసారా గుడ్డు తీసుకుంది, జున్నులో చిన్న ముక్క తుంచుకుంది, పళ్ళేన్ని మెల్లగా మొగుడి వైపు జరిపింది.

"అత్తయ్యా, నా బొజ్జ చూశారా?" అన్నాడు వాల్దెసీ చెంచా అందుకుంటూ. "ఇద్దరి తిండీ నేనే తింటున్నాను. ఇలాగే ఇంకో ఆర్నెల్లు పోతే ఆ ఆపరేషన్ బల్ల మీద నన్ను పడుకోబెట్టాలి."

"నీకేమయ్యా, రాయిలా ఉన్నావు, తిను. దాని మెడ చూడు. ఈకలు పీకిన కోడి మెడలా లేదూ?"

"అమ్మా, పొద్దున్నే మొదలెట్టకు."

"మొదలెట్టింది నేనా? బంగారంలాంటి ఒంటిని కోయించుకొచ్చింది నువ్వు."

జుసారా గుడ్డుని వేలి గోరంత ముక్కలు చేసి, ఒక్కొక్కటీ మెత్తగా నమిలి మింగుతోంది. ఏడు నెలల నుంచీ ఆమె తిండి అంతే. అంతకు ముందు ఆమె బరువు నూట ముప్పై ఎనిమిది కిలోలు. ఐదేళ్ళ క్రితం రెసీఫె నగరానికి వెళ్ళినప్పుడు అక్కడి సిటీ బస్సులో, కండక్టరు దగ్గర తిరిగే ఇనుప గేటులో ఇరుక్కుపోయింది. ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. బస్సు ఆపారు. జనం చూస్తుండగా ఇద్దరు మగవాళ్ళు పట్టి లాగారు. ఎవరో ఫోనుతో వీడియో తీశారు. ఆ వారమే వెళ్ళి ప్రభుత్వాసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్‌కి పేరు రాయించుకుంది. నాలుగేళ్ళు వేచి ఉంటే వంతు వచ్చింది. కడుపుని కోసి చిన్న సంచీలా చేసి, పేగుకి వేరే దారి కలిపారు. ఇప్పుడు ఎనభై ఆరు కిలోలు. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ "అబ్బ, ఎంత బాగున్నావే!" అంటున్నారు. అననిది లిందాల్వా ఒక్కతే. ఆమెకున్నది ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురికి పిల్లలు లేరు. రోజూ పొద్దున కూతురి ముందు ఆ పాత పళ్ళెమే, ఆ పాత కొలతలోనే పెడుతుంది. రోజూ అది అల్లుడి ముందుకి జరుగుతుంది.

"నిన్న డాక్టరమ్మ ఏమందో చెప్పనే లేదు," అన్నాడు వాల్దెసీ.

జుసారా వేళ్ళు తుడుచుకుంది. "కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతోందట. పోయినవారం షెడ్డులో ప్యాంట్ల మూట చేతిలోంచి జారిపోయింది చూడు, దానికదే కారణమట. ఇలాగే వదిలేస్తే యాభై ఏళ్ళకి ముసలిదాన్నయిపోతానంది. జిమ్‌లో చేరి బరువులెత్తమంది."

పొయ్యి దగ్గర గరిటె ఆగిపోయింది.

"ఏమెత్తాలి?" అంది లిందాల్వా.

"బరువులమ్మా. ఇనుపవి. కొద్ది కొద్దిగా."

"తిండి లేని ఒంటితో బరువులెత్తుతావా?"

"తింటున్నానుగా. డాక్టరు కొలిచి ఇచ్చినంతా తింటున్నాను."

"పిట్ట తింటుంది అంతకన్నా ఎక్కువ." లిందాల్వా గొంతు ఎప్పుడూ లేనంత సన్నగా వచ్చింది. "వద్దు. నా కళ్ళ ముందు ఎవ్వరూ బరువులు మోయక్కర్లేదు. ఇంకేమైనా చెయ్యి. నడువు. ఈత కొట్టు. బరువులు మాత్రం వద్దు."

వాల్దెసీ నవ్వించబోయాడు. "అత్తయ్యా, మీ అమ్మాయి రేపు కండలు పెంచి నన్నే ఎత్తి బయట పడేస్తుందని భయమా?"

లిందాల్వా నవ్వలేదు. ఉడికిన కుస్కుస్ అలాగే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. చాకిరేవు తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఉతకడానికి ఆ రోజు బట్టలేమీ లేవు.

*

జిమ్ అంటే అద్దాల మేడ కాదు. ఒకప్పుడు లారీలు బాగుచేసే రేకుల షెడ్డు. దాన్ని నడిపే మార్లూసీకి యాభై దాటాయి. సంతలో పిండి బస్తాలు దించే తండ్రికి పుట్టిన పిల్ల. పన్నెండేళ్ళకే తనూ బస్తా ఎత్తేదట. మాట కటువు, చెయ్యి మెత్తన.

జుసారా మొదటి రోజు పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళింది. బరువు తగ్గాక మోచేతుల పైన చర్మం ఖాళీ సంచీలా వేలాడుతోంది. అది ఎవరి కంటా పడకూడదని.

"ఈ ఎండలో ఈ కోటేంటి?" అంది మార్లూసీ.

"చలిగా ఉంటోందండీ."

"చలి కాదు, సిగ్గు. సరేలే, సిగ్గు కూడా ఒక బరువే, నెమ్మదిగా దించుదువు గాని. ఏం తినొచ్చావు?"

"ఒక గుడ్డు. గ్లాసులో సగం ప్రొటీన్ పొడి కలిపిన నీళ్ళు, డాక్టరు రాసిచ్చిన డబ్బాలోది."

"రోజూ ఈ ప్రశ్న అడుగుతా. ఖాళీ కడుపుతో వచ్చావంటే గుమ్మం దగ్గర్నించే వెనక్కి పంపిస్తా. కండకి ఇటుకలు కావాలి. ఇటుకలు లేకుండా గోడ కడితే కూలేది నీ నెత్తి మీదే."

ఆ రోజు ఇనుము ముట్టుకోనివ్వలేదు. చెక్క పెట్టె మీద కూర్చోబెట్టి, చేతులు ఆనకుండా లేవమంది. జుసారా లేవబోయింది. తొడలు వణికాయి. మళ్ళీ కూలబడింది. తగ్గిన యాభై రెండు కిలోలూ మోసిన కాళ్ళివేనా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగోసారికి లేచింది.

"ఒకటి," అంది మార్లూసీ. అంతే. మెచ్చుకోలేదు, జాలిపడలేదు. ఆ మాటే జుసారాకి నచ్చింది.

వారానికి మూడు రోజులు, జీన్స్ షెడ్డులో పని అయ్యాక సాయంత్రం ఐదింటికి వెళ్ళేది. రెండో వారంలో చేతికి చిన్న డంబెళ్ళు వచ్చాయి. ఐదో వారంలో నేల మీది పొడుగాటి కడ్డీ. తొమ్మిదో వారానికి కడ్డీకి అటూ ఇటూ చెరో బిళ్ళ. ఒకనాడు పొడుగు చొక్కా ఇంట్లో మర్చిపోయింది, మర్చిపోయిన సంగతి కూడా సగం పని అయ్యాక గుర్తొచ్చింది.

ఇంట్లో మాత్రం రోజురోజుకీ గాలి బిగుసుకుపోతోంది. కూతురు సంచీ భుజానేసుకుని బయల్దేరే వేళకి లిందాల్వా గుమ్మంలో నిలబడేది. "ఇవాళ మానెయ్యి, ముఖం పాలిపోయింది," అనేది. "వాన వచ్చేలా ఉంది," అనేది. ఒకనాడు జిమ్ బూట్లు కనబడలేదు. వెతగ్గా వెతగ్గా పిండి డబ్బా వెనక దొరికాయి.

"ఎలక లాక్కుపోయుంటుంది," అంది లిందాల్వా.

"లేసులు ముడేసి మరీ లాక్కుపోయిందా అమ్మా, ఆ ఎలక?"

అప్పటికింకా అందులో నవ్వు ఉంది.

*

మే నెలలో ఒక గురువారం, మధ్యాహ్నం పని మధ్యలో జుసారాకి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. గుండె డప్పులా కొట్టుకుంది. చేతులు వణికి, కళ్ళు బైర్లు కమ్మి, నడుస్తున్న మిషన్ మీదే ముందుకి వాలిపోయింది. పక్క మిషన్ అమ్మాయి చూసి కరెంటు ఆపేసింది. అప్పటికే సూది ఎడమచేతి చూపుడువేలి గోరుని చీల్చుకుపోయింది. వాల్దెసీ మోటారు సైకిల్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళి, కట్టు కట్టించి ఇంటికి తెచ్చాడు.

అక్కడి నర్సు ఒకటే ప్రశ్న అడిగింది: "ఆపరేషన్ అయినవాళ్ళకి తీపి పడదని తెలీదా? ఏం తాగావు?"

తాగింది డబ్బాలో పొడి ఒక్కటే. జుసారా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి ఆ డబ్బా మూత తీసింది. వేలు తడిచేసి ముంచి, నాలిక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది.

"అమ్మా, ఇందులో ఏం కలిపావు?"

లిందాల్వా చిక్కుడు గింజలు ఏరుతోంది. తలెత్తలేదు. "ఏం కలుపుతాను. పాలపొడి. కాస్త పంచదార."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ముందు పాలపొడే వేసేదాన్ని. నీ ఒంటికి పట్టట్లేదని... నిన్న పంచదార వేశాను. విషం కలిపినట్టు అలా చూడకు నన్ను."

"నాకది విషమేనమ్మా! డాక్టరమ్మ నీ ముందే చెప్పింది కదా! ఇదిగో, ఈ వేలు చూడు. సూది ఇంకాస్త ఇటుంటే చెయ్యే పోయేది."

"నువ్వు బతకాలనే కలిపాను!" లిందాల్వా చేట పక్కకి నెట్టింది. "రోజు రోజుకీ ఎండిపోతున్నావు. ఎండిపోయిన ఒంటితో వెళ్ళి ఆ ఇనుము మోస్తున్నావు. నేను చూస్తూ కూర్చోవాలా?"

"అత్తయ్యా, తను బాగానే..." అని వాల్దెసీ ఏదో అనబోయాడు.

"నువ్వు ఆగు," అంది జుసారా. ముప్పై ఎనిమిదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్నదేదో ఆ రోజు బయటికి వచ్చేసింది. "నన్నలా చేసింది నువ్వే కదమ్మా. బడి నుంచి వస్తే పళ్ళెం, ఏడిస్తే పళ్ళెం, నవ్వితే పళ్ళెం. కడుపు నిండిందమ్మా అంటే ఇంకో ముద్ద కుక్కేదానివి. సంతకి తోలే పందిని మేపినట్టు మేపావు నన్ను! పదేళ్ళకే పిల్లలు నన్ను డ్రమ్ము అని పిలిచేవాళ్ళు. బస్సులో ఇరుక్కున్నాను. కడుపున ఒక కాయ కాయలేదు. ఇదంతా నీ ప్రేమేనమ్మా! ఇప్పుడు నా అంతట నేను నిలబడదామనుకుంటే అదీ నీకు గిట్టట్లేదు."

లిందాల్వా లేచింది. కట్టుకున్న ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద ఉంచింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున పొయ్యి వెలగలేదు. వాల్దెసీ బజారు నుంచి రొట్టెలు తెచ్చాడు. శనివారం కూడా అంతే, ఆదివారం కూడా అంతే. లిందాల్వా బయటికి వచ్చి నీళ్ళు తాగేది, చర్చికి వెళ్ళి వచ్చేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. అన్న మాట అన్నంత సేపు జుసారాకి న్యాయంగానే తోచింది. ఆ తర్వాత ఆ మాటలో ఒక్కొక్క ముక్కా తిరిగి వచ్చి గుచ్చుకోసాగింది. కానీ వెనక్కి తీసుకోవడం కూడా రాలేదు. ఎందుకంటే అందులో అబద్ధమేదీ లేదు.

*

సోమవారం సాయంత్రం మార్లూసీ కడ్డీకి ఇంకో జత చిన్న బిళ్ళలు ఎక్కించింది. "వేలి కట్టుకి దెబ్బ తగలకుండా పట్టుకో. నడుం వంచకు. నేలని కాళ్ళతో తోస్తున్నాననుకో."

జుసారా వంగి కడ్డీ పట్టుకుంది. ఊపిరి బిగబట్టి లేపింది. మెడ నరాలు పొంగాయి, మెడ కింది ఎముకలు తేలాయి. కడ్డీ మోకాళ్ళ దాకా వచ్చింది.

"దించు!"

గుమ్మంలోంచి వచ్చిన ఆ కేక మనిషి గొంతులా లేదు. అందరూ తిరిగి చూశారు. ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులతో, జుట్టు ముడి ఊడిపోయి, లిందాల్వా పరిగెత్తుకొస్తోంది. వచ్చి కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

"దించు! దించవే తల్లీ! చాలు, ఇంక మోయకు! పాలు ఎండిపోతాయి! పాలు ఎండిపోతాయే!"

కడ్డీ నేలకి తగిలి ఖంగుమంది. జుసారా నిశ్చేష్టురాలై తల్లి ముఖంలోకి చూసింది. ఆ కళ్ళు తనని చూడటం లేదు.

"అమ్మా... ఏ పాలమ్మా? నాకు పిల్లలెక్కడున్నారు?"

లిందాల్వా చుట్టూ చూసింది. ఎక్కడున్నదో అప్పుడు తెలిసినట్టుంది. అక్కడే కూలబడబోయింది. మార్లూసీ ఒక్క చేత్తో ఒడిసి పట్టుకుని చెక్క బల్ల మీద కూర్చోబెట్టింది. పాటల పెట్టె కట్టేసింది. "అందరూ ఇళ్ళకి వెళ్ళండి," అంది మిగిలినవాళ్ళతో. "ఇవాళ్టికి చాలు." రేకు తలుపు సగానికి దించి, నీళ్ళు తెచ్చి ఇచ్చి, తను దూరంగా వెళ్ళి నిలబడింది.

లిందాల్వా గ్లాసు పక్కన పెట్టింది.

"నీకు ముందు ఒక పిల్ల ఉండేది."

జుసారా వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"ఎనభై మూడో సంవత్సరం. వాన మొహం చూసి అప్పటికి ఐదేళ్ళు. మీ నాన్న లారీ ఎక్కి సావ్ పావులో నగరానికి వెళ్ళాడు, పని దొరికితే కబురు పెడతానని. ఏడాది దాకా కబురు లేదు. మన ఊరు ఉంబురానాలో ఆ చెరువు కట్ట చూశావు కదా, నీ చిన్నప్పుడు దాని మీద గంతులేసేదానివి. అది మేం కట్టిన కట్టే. కరువు పని. గుట్ట మీంచి రాళ్ళు నెత్తిన పెట్టుకుని దింపాలి. పొద్దున పేరు పిలుస్తారు, పొద్దుగూకాక మళ్ళీ పిలుస్తారు. మధ్యలో వెళ్ళిపోతే ఆ వారం కూలి కింద ఇచ్చే చిక్కుడు గింజలు ఇవ్వరు. పిల్లకి అప్పుడు ఎనిమిదో నెల. నా కాసిని పాలే దానికి ఆధారం. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత రాళ్ళు మోసే కొద్దీ పాలు తగ్గాయి. ఇంకో నెలకి పిండితే చుక్క లేదు. గంజి నీళ్ళు పోశాను. పిల్ల ఎండిపోయింది. దాని మెడ..."

చెయ్యెత్తి కూతురి మెడ కింది ఎముకల్ని వేళ్ళతో తాకింది. "దాని మెడ కూడా ఇలాగే ఉండేది."

జుసారా ఆ చేతిని అలాగే పట్టుకుంది.

"కట్ట పక్కన నీడలో గుడ్డ ఉయ్యాల కట్టి, కితేరియా అత్త అని ఒక ముసలామె కాపలా ఉండేది. ఆగస్టు నెల. ఎండ దిగుతోంది. ఆవిడ పరిగెత్తుకొచ్చింది, అమ్మాయ్, పిల్ల కళ్ళు తేలేస్తోంది, రా అంది. నేను..." లిందాల్వా పెదవి తడుపుకుంది. "ఇంకో రెండు రాళ్ళున్నాయి అత్తా, వస్తున్నాను అన్నాను. పేరు పిలిచే వేళయింది మరి. వెళ్ళిపోతే వారం తిండి పోతుంది. పిల్లకి ఆ గంజి కూడా ఉండదు. అందుకని రెండు రాళ్ళూ మోశాను. మోసి వెళ్ళేసరికి పిల్ల చల్లగా ఉంది. ఆ రెండు రాళ్ళూ ఇప్పటికీ ఆ కట్టలోనే ఉన్నాయి."

అవతల మార్లూసీ గోడ వైపు తిరిగిపోయింది.

"సబ్బుల అట్టపెట్టెకి నీలం కాగితం అంటించి అందులో పెట్టారు. ఆ ఊళ్ళో ఆ నెలలోనే తొమ్మిది పెట్టెలు పోయాయి. ఏడవకు అన్నారు అందరూ. పసిపిల్ల దేవదూత అయింది, తల్లి ఏడిస్తే కన్నీళ్ళకి దాని రెక్కలు తడిసిపోతాయి, ఎగిరి పైకి చేరలేదు అన్నారు. అందుకని ఏడవలేదు. మర్నాడు పొద్దున పేరు పిలిస్తే పలికాను. తర్వాత రెండేళ్ళకి నువ్వు పుట్టావు. అప్పటికి వానలు పడ్డాయి, మీ నాన్నా తిరిగొచ్చాడు. నీ బుగ్గలు నిండితే, నీ చెయ్యి మడతలు పడితే, నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది. నువ్వన్నది అబద్ధం కాదమ్మా. మేపాను. ఒక్క ముద్ద తక్కువైతే నువ్వు కూడా చల్లబడిపోతావని మేపాను. నీ ఒళ్ళు పెరిగిందని ఊరంతా నవ్వుతుంటే నేను లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. పెరగనీ, కరువొచ్చినా తట్టుకుంటుంది అని."

ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. రాయి చెక్కినట్టు, ఒక్క చుక్క లేకుండా. జుసారా తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"దాని పేరేంటమ్మా?"

లిందాల్వా పెదవులు కదిలాయి.

"ఇనాసియా."

"ఇనాసియా," అంది జుసారా. "అక్క పేరు ఇనాసియా."

కూతురు ఆ పేరు పలకడం వినగానే లిందాల్వా గడ్డం వణికింది. వెంటనే రెండు చేతులతో కళ్ళు మూసేసుకుంది. "వద్దు, వద్దు, ఏడవకూడదు..."

"అమ్మా, నలభై ఏళ్ళయింది." జుసారా ఆ చేతుల్ని మెల్లగా తప్పించింది. "ఎంత దూరమైనా ఈపాటికి చేరిపోయి ఉంటుంది. ఇంక దాని రెక్కలు తడవవు. ఇప్పుడు నువ్వు ఏడవచ్చమ్మా."

లిందాల్వా కూతురి ముఖం వంక చూసింది, నిజమేనా అన్నట్టు. తర్వాత, ఆ రేకుల షెడ్డులో, ఇనుప బిళ్ళల మధ్య, నలభై ఏళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. మొదట మూలుగులా, తర్వాత పసిపిల్ల ఏడుపులా. జుసారా తల్లిని రెండు చేతులా చుట్టేసింది. "నన్ను క్షమించమ్మా, పంది అన్నాను, నోరు పడిపోను, అలా అన్నాను," అంటూ తనూ ఏడ్చింది. తల్లి వింటున్నదో లేదో తెలియలేదు. మార్లూసీ రేకు తలుపుని పూర్తిగా కిందికి దించేసింది.

బాగా చీకటి పడకముందే ముగ్గురూ బయటికి వచ్చారు. గుమ్మం దగ్గర లిందాల్వా ఆగి, ముక్కు తుడుచుకుని, మార్లూసీని అడిగింది: "ఇది తినే ఎత్తుతోందా?"

"తినకపోతే నేను ముట్టుకోనివ్వను పెద్దమ్మా. రోజూ అడుగుతాను."

"ఏం చెబుతుంది?"

"మా అమ్మ కాల్చిన జున్ను అంటుంది."

లిందాల్వా తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది.

*

అంతటితో అన్నీ చక్కబడిపోలేదు. లిందాల్వా చెయ్యి ఇప్పటికీ కుస్కుస్ ఎక్కువే వండుతుంది. పళ్ళెంలో కూతురికి పెట్టాల్సింది మాత్రం కొలిచి పెడుతుంది. పెట్టాక ఒక్క క్షణం ఆ పళ్ళెం వంక చూసి, ముఖం తిప్పుకుంటుంది. కొన్ని రోజులు జిమ్ దాకా వస్తుంది, బల్ల మీద కూర్చుని దారంతో ఏదో అల్లుకుంటుంది. కడ్డీ లేచేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటుంది. కడ్డీ దిగిన చప్పుడయ్యాకే మళ్ళీ తెరుస్తుంది.

నవంబరులో చనిపోయినవాళ్ళ పండగ వచ్చింది. లిందాల్వా నలభై ఏళ్ళలో ఆ రోజున ఏనాడూ ఉంబురానా వెళ్ళలేదు. ఈసారి జుసారా రెండు బస్సు టిక్కెట్లు తెచ్చింది. లిందాల్వా తన నల్ల గౌను ఇస్త్రీ చేసుకుంది.

పసిపిల్లల్ని పాతిపెట్టే చోటు ఊరి శ్మశానంలో ఒక మూలన ఉంది. ఒకప్పుడు చిన్న చిన్న నీలం చెక్క శిలువలు ఉండేవట. ఇప్పుడు ఒక్కటీ లేదు. గడ్డి, ముళ్ళ జెముడు, మట్టి. లిందాల్వా అటు పది అడుగులు నడిచింది, ఇటు పది అడుగులు నడిచింది. ఒకచోట ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇక్కడనుకుంటాను," అంది. కాసేపయ్యాక, "లేదు, గోడకి ఇంకా దగ్గర. తెలియట్లేదే. నా పిల్ల ఎక్కడుందో నాకే తెలియట్లేదు," అంది.

జుసారా తెచ్చిన పూలని ఒకచోట పెట్టలేదు. విడదీసి, ఆ మూలంతా, గోడ దాకా, ఒక్కొక్క పువ్వే పెట్టుకుంటూ వెళ్ళింది. తొమ్మిది పెట్టెల్లో ఎవరి పెట్టె ఎక్కడున్నా అందేలా. చెరువు కట్ట దాకా వెళ్దామా అని అడిగితే లిందాల్వా వద్దంది. "ఇంకోసారి. ఇవాళ్టికి ఇంతే నా చేత అవుతుంది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఊరు దాటాక, అడక్కుండానే మొదలుపెట్టింది.

"నవ్వితే దానికి ఒక్క బుగ్గే సొట్ట పడేది. ఎడమ బుగ్గ."

"అవునా అమ్మా?"

"మేక అరిస్తే తిరిగి అరిచేది. అచ్చం మేకలాగే. కితేరియా అత్త పడీ పడీ నవ్వేది. ఇంకా... నా గాజు ఒకటి ఉండేది, ఎర్రది, ఎప్పుడూ దాన్నే పట్టుకుని లాగేది. నీళ్ళు పోస్తుంటే ఏడ్చేది కాదు, నువ్వు ఏడ్చేదానివి, ఊరు ఎగిరిపోయేలా. అది మాత్రం నీళ్ళని పట్టుకోవాలని చూసేది..."

బస్సు మెట్ట దాటింది, కొండ ఎక్కింది, దిగింది. ఎండ పసుపుపచ్చబడింది. లిందాల్వా చెబుతూనే ఉంది. పదకొండు నెలల బిడ్డ గురించి ఒక మనిషి అంత చెప్పగలదని జుసారాకి తెలియదు. తొరితామా వచ్చింది. అందరూ దిగారు. తల్లి మాట మధ్యలో ఉంది.

జుసారా చెయ్యి అందించి తల్లిని దింపింది. ఇంటి వైపు తీసుకెళ్ళలేదు. బస్టాండులో ఖాళీగా ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"చెప్పమ్మా," అంది. "తర్వాత?"